సూది మార్చాం, సిరంజి మార్చలేదు

మేం ఉద్యోగంలో చేరిన కొత్తలో నర్సులు సూదులకు సాన పట్టేవాళ్ళు. ఈ మాట చెబితే ఇప్పటి నర్సింగు పిల్లలు నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుంటారు. ఒకే సూది ఎంతోమందికి వాడేసరికి మొన మొద్దుబారేది. మధ్యాహ్నం ఓపీ అయిపోయాక నున్నటి రాయి మీద నూనెచుక్క వేసి, మొనను మెల్లగా రాసి, దూదిలో గుచ్చి బయటికి లాగి చూసేవాళ్ళం. దూదిపోగు పట్టుకుని వచ్చిందంటే మొన ఇంకా వంకరగా ఉన్నట్టు. మళ్ళీ రాయాలి.

నా పేరు లేయమ్మ. మాది సత్యవేడు పక్కన పల్లె. నేను పనిచేసిన ఆసుపత్రి తిరుపతికీ చిత్తూరుకీ నడుమ రోడ్డు పక్కన ఉండేది. దాని పేరు చెప్పను. అక్కడ జరిగినవి ఆ రోజుల్లో చాలాచోట్ల జరిగేవే. ఒక్కదాని పేరు చెబితే మిగిలినవన్నీ మంచివనుకుంటారు. ఏ సంవత్సరం ఎక్కడికి బదిలీ అయింది, ఎప్పుడు హెడ్ నర్సునయ్యాను అన్న సంగతులు కూడా రాయను. అవి నా పింఛను కాగితాల్లో ఉన్నాయి, అక్కడే ఉండనీ. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు పనికొచ్చే సంగతి నా దగ్గర ఒకటుంది. అది చెబుతాను.

సూది గది

డెబ్బైల నడిమికాలంలో నన్ను సూది గదిలో వేశారు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది టీబీ రోగులు. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది వేయించుకోవాలి, దాంతోపాటు మాత్రలు మింగాలి. పొద్దున బస్సులు దిగేసరికి వరండా నిండిపోయేది. బెల్లం గానుగల దగ్గర పనిచేసేవాళ్ళు, మండీల్లో మూటలు మోసేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు. నెలల తరబడి వచ్చేవాళ్ళు కాబట్టి ఒకరికొకరు చుట్టాల్లా అయిపోయేవాళ్ళు. ఎవరికి ఆకలి పుడుతోంది, ఎవరు బరువు పెరిగారు, అన్నీ వరండాలోనే తేలిపోయేవి. నాకు ఆ గది ఇష్టంగా ఉండేది. చేరినప్పుడు గోడ పట్టుకుని నడిచిన మనిషి మూడో నెలలో నాతో పోట్లాడే ఓపికతో రావడం చూస్తే కడుపు నిండేది.

మా పద్ధతి ఇది. పెద్ద గాజు సిరంజి నిండా మందు ఎక్కిస్తాం. ఒకరికి వేశాక సూది తీసి, ఉడకబెట్టిన ఇంకో సూది పెట్టి, తర్వాతి మనిషికి వేస్తాం. సిరంజి ఖాళీ అయ్యేదాకా అది అదే. ఒంట్లోకి వెళ్ళేది సూది కదా, సిరంజి చర్మాన్నయినా తాకదు కదా అని మా అందరి ధీమా. మాకు నేర్పినవాళ్ళదీ అదే ధీమా.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. కండలో సూది గుచ్చాక, రక్తనాళంలో పడిందేమోనని పిస్టన్‌ను కొంచెం వెనక్కి లాగి చూస్తాం. నెత్తురు కనబడితే చోటు మారుస్తాం. ఆ లాగడంలో, కంటికి కనబడనంత నెత్తురు సూదిలోంచి సిరంజిలోకి వస్తుంది. సూది మారుతుంది. నెత్తురు సిరంజిలోనే ఉంటుంది. తర్వాతి మనిషి ఒంట్లోకి పోతుంది.

ఇప్పుడు చెబితే ఎంత తేలిక!

పసుపు కళ్ళు

గోవిందయ్య అనే ఆయన తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపేవాడు. టీబీ వచ్చి సెలవులో ఉన్నాడు. మందు బాగా పనిచేసి దగ్గు తగ్గింది, ఇంకొన్నాళ్ళలో డ్యూటీకి పోవచ్చని సంబరంగా ఉన్నాడు. ఒకరోజు వచ్చి బల్లమీద కూలబడ్డాడు.

“సిస్టరమ్మా, అన్నం సయించడంలా. పోపు వాసనకే కడుపులో తిప్పతా ఉండాది. ఉచ్చ సూస్తే పసుపు నీళ్ళ మాదిరి పోతా ఉండాది.”

కనురెప్ప కిందికి లాగి చూశాను. పచ్చగా ఉంది. పచ్చకామెర్లు.

“ఈ కండ్లతో నన్ను బస్సెక్కనిస్తారా అమ్మా? జనం సూస్తే దిగి ఎలబారిపోతారు,” అన్నాడు. నవ్వించాలనే అన్నాడు.

ఆ ఏడు అలాంటివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మా పెద్ద డాక్టరు నరసింహులు గారు ప్రతిసారీ మాత్రలు ఆపించి, ఊళ్ళో నీళ్ళు కాచుకు తాగమని చెప్పేవారు. టీబీ మాత్రలకు కాలేయం చెడడం ఉన్నదే. చెరువు నీళ్ళకు కామెర్లు రావడమూ ఉన్నదే. ఆయన తప్పుగా ఏమీ ఆలోచించలేదు. రెండు కారణాలు చేతిలో ఉంటే మూడోదాన్ని ఎవరు వెతుకుతారు?

అప్పుడే మద్రాసులో చదువు ముగించుకుని డాక్టరు వసంత గారు మా దగ్గరికి వచ్చారు. తిరుపతి అమ్మాయి. సన్నగా, నెమ్మదిగా ఉండేవారు. ఒక మధ్యాహ్నం సూది గదికి వచ్చి, నేను సూదులకు సాన పడుతుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

“సిస్టర్, దూరపు పల్లెలవాళ్ళు రోజూ రాలేరని వట్టి మాత్రలే ఇస్తాం గదా. వాళ్ళలో ఎవురికైనా కామెర్లు వచ్చినాయా?”

ఆలోచించాను. నెలకోసారి మాత్రలకు వచ్చేవాళ్ళ ముఖాలన్నీ నాకు తెలుసు. ఒక్కొక్కరినీ గుర్తు చేసుకున్నాను.

“నాకు తెలిసి ఎవరికీ రాలేదమ్మా.”

“మాత్రలు అందరూ మింగేవే. నీళ్ళు అందరూ తాగేవే. మరి ఈ సూదులవాళ్ళకే ఎందుకు?”

ఇద్దరం ఒకేసారి బల్లమీద ఉన్న పెద్ద సిరంజి వైపు చూశాం. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, పిస్టన్ వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు తోశారు. నెత్తురు ద్వారా ఒకరినుంచి ఒకరికి పాకే కామెర్లు ఉన్నాయనీ, ఆ వైరస్‌కు కంటికి కనబడని చుక్క చాలుననీ, ఒంట్లో చేరాక ఆరు నెలలైనా పైకి తేలకుండా ఉండగలదనీ చెప్పారు. మర్నాడు పొద్దున వరండాలో నిలబడబోయే వాళ్ళందరూ కళ్ళముందు కదిలారు.

టైలరు

వసంత గారు పెద్ద డాక్టరుతో మాట్లాడారు. ఆయన వినిపించుకోలేదు. అంతమందికి ఒక్కో సిరంజి ఎక్కణ్ణుంచి తేవాలి? ఉన్న నాలుగింటిని మనిషి మనిషికీ ఉడకబెడుతూ కూర్చుంటే సగం జనం బస్సు తప్పిపోతుందని ఇంటికి పోతారు, సూదులు మానేస్తారు, టీబీతో చస్తారు. “కామెర్లతో పోయేవాడు ఒకడైతే, సూది మానేసి పోయేవాళ్ళు పదిమంది,” అన్నారు. ఆ మాటలో నిజముంది. అందుకే పాత పద్ధతే ఇంకొన్నాళ్ళు నడిచింది.

ఆ రోజుల్లోనే సుబ్రమణి పోయాడు. చిత్తూరు బజారులో టైలరు. ముప్పై నిండని మనిషి. నా జాకెట్టు చేతులు చూసి “ఎవరు కుట్టినారు సిస్టర్, కోడికి కుట్టినట్ల ఉండాది,” అని ఎగతాళి చేసేవాడు. అతని కోర్సు దాదాపు అయిపోయింది. కఫంలో క్రిములు లేవు, బరువు పెరిగాడు. అప్పుడు కామెర్లు పట్టుకున్నాయి. అందరికీ తగ్గినట్టు తగ్గలేదు. కడుపు ఉబ్బి, మాట తడబడి, భార్యనే గుర్తు పట్టలేకపోయాడు. ఒక మధ్యాహ్నం ప్రాణం పోయింది.

అతని భార్య సెల్వి ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, దగ్గు తగ్గిపోయినాదని మీరే సెప్పినారు గదా. ఊపిరితిత్తులు బాగుండాయని ఫొటో గూడా సూపించినారు. మరెందుకు పోయినాడు?”

నాకు తెలుసు. చెప్పలేకపోయాను. పెద్ద డాక్టరు గారు ఆమె వెనకే నిలబడి ఉన్నారు. ఆమె మమ్మల్నిద్దర్నీ చూసి, ఇంకేమీ అడగకుండా మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నరసింహులు గారు సూది గదికి వచ్చారు. వసంత గారినీ పిలిపించారు.

“ఏం సేస్తామో సెప్పండమ్మా. ఎంత తొందరగా సేస్తామో అదీ సెప్పండి,” అన్నారు.

డబ్బాలు

ఇక్కడ ఆ పెద్దాయన గురించి ఒక మాట. తప్పు తెలిశాక పట్టుదలకు పోకుండా పని మొదలుపెట్టే పై అధికారి దొరకడం అదృష్టం. ఉద్యోగంలో నేను చూసిన పెద్దల్లో అలాంటివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతే. ఆయన చిత్తూరు వెళ్ళి, జిల్లా ఆఫీసులో బెంచీ మీద కూర్చున్నారు. అక్కడివాళ్ళు సిరంజిలు లేవన్నారు. ఆయన లేవలేదు. సాయంత్రం ఆఫీసు మూసేవేళకు వాళ్ళే విసుగెత్తి, స్టోరులో ఉన్న చిన్న సిరంజిల పెట్టెలు ఇచ్చి పంపించారు. వాటిని ఆయనే ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చారు.

అన్నీ కలిపి ఉడకబెడితే మళ్ళీ కలిసిపోతాయి, తొందరలో ఎవరో ఒకరు ఉడకని దాన్ని తీస్తారు అని నా భయం. అందుకని ప్రతి మనిషికీ సొంతంగా ఒక సిరంజి, ఒక సూది, ఒక చిన్న రేకు డబ్బా అనుకున్నాం. డబ్బాలు ఎవరివి వాళ్ళే తెచ్చుకున్నారు. పళ్ళపొడి డబ్బాలు, నశ్యం డబ్బాలు, పిప్పరమెంట్ల డబ్బాలు. మూతకూ అడుగుకూ మేకుతో చిల్లులు పొడిచాం, మరిగే నీళ్ళు లోపల ఆడాలి కదా. చదువు రానివాళ్ళే ఎక్కువ కాబట్టి మూతమీద పేరుకు బదులు ఎర్రరంగుతో బొమ్మ వేశాను. కామెర్లు తగ్గి మళ్ళీ సూదులకు వస్తున్న గోవిందయ్యకు బస్సు. మూటలు మోసే ఆయనకు మూట. మల్లెపూలమ్మే ఆమెకు పువ్వు. నా బొమ్మలు చూసి వాళ్ళు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. “ఇది బస్సా అమ్మా, సద్దిమూటనా?” అని గోవిందయ్య అందరికీ చూపించి వచ్చాడు.

రెండు పెద్ద కిరసనాయిలు స్టవ్వులు, రెండు అల్యూమినియం గిన్నెలు. నీళ్ళు మసలడం మొదలైనప్పటి నుంచి ఇరవై నిమిషాలు కదపకూడదు. నడుమ ఇంకో డబ్బా వేస్తే లెక్క మళ్ళీ మొదటికి. ఈ నియమం దగ్గర నేను ఎవరి మాటా వినలేదు. వరండాలో గొణిగారు, బస్సు పోతోందని అరిచారు. పొద్దున బస్సువాళ్ళను ఒక జట్టు, పది గంటల బస్సువాళ్ళను ఒక జట్టు చేశాం. అరుపులు తగ్గాయి.

ఇదంతా మామిడి పూత మీద ఉన్నప్పుడు మొదలైంది.

మునెమ్మ

పిందె కాయ అయింది, కాయ మండీకి పోయింది, తిరుపతిలో గంగజాతర కూడా వచ్చింది. కామెర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. కంపౌండరు నన్ను చూసినప్పుడల్లా “డబ్బాల అంగడి ఎట్ల నడస్తా ఉండాది సిస్టరమ్మా?” అనేవాడు. తోటి నర్సులు మొహం మీద అనలేదు గాని కిరసనాయిలు కంపు గురించి మాట్లాడుకునేవారు. నాకే అనుమానం పుట్టింది. వసంత గారి దగ్గరికి వెళ్ళాను.

“ఇప్పుడు వచ్చేవాళ్ళందరూ పాత సిరంజితో వేయించుకున్నవాళ్ళేనా, ఒకసారి చూడండి సిస్టర్,” అన్నారు.

చూశాను. అందరూ డబ్బాలకు ముందునుంచి వస్తున్నవాళ్ళే.

“విత్తనం అప్పుడు పడింది. మొలక ఇప్పుడు కనబడతా ఉంది. ఓపిక పట్టండి.”

ఓపిక పట్టమని డాక్టరు చెప్పడం సులువు. కామెర్లు వచ్చిన మనిషికి ఆ మాట ఎవరు చెప్పాలి?

మునెమ్మ గానుగ దగ్గర కూలి. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆమె డబ్బామీద నేను చెరుకుగడ వేశాను. కళ్ళు పచ్చబడగానే డబ్బా తెచ్చి నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఊళ్ళో ఆకు పసరు తాగుతోందనీ, ఇక ఆసుపత్రి గడప తొక్కనంటోందనీ పక్కింటామె చెప్పింది. కామెర్లు వాటంతట అవి తగ్గవచ్చు. టీబీని నడుమలో వదిలేస్తే మాత్రం అది ఊరుకోదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. గుడిసె ముందు చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

“యాలొచ్చినావు? సూది ఎయ్యడానికా?”

“మాట్లాడడానికి వచ్చినాను మునెమ్మా.”

“ఏం మాట్లాడతావు? నీళ్ళు కాసుకొని తాగమంటావు. తాగినాను. కట్టెలు కొని మరీ కాసినాను. అయినా యాడ నించి వచ్చినాది ఇది?”

దారంతా ఏం చెప్పాలా అని అనుకుంటూనే వచ్చాను. చెరువు మీద నెట్టేయవచ్చు. ఆమె నమ్మేది కూడా. సెల్వి ముఖం గుర్తొచ్చింది.

“మా సూది గదిలోంచి వచ్చింది,” అన్నాను. “డబ్బాలు పెట్టకముందు అందరికీ ఒకటే సిరంజి వాడినాం. ఒకరి నెత్తురులో ఉండే పురుగు ఇంకొకరికి పాకింది. మాకు తెలియలా. తెలిసినాకనే డబ్బాలు పెట్టినాం. నీకు అంతకు ముందే సోకింది. నీ నీళ్ళ తప్పు లేదు, నీ తప్పు లేదు.”

ఆమె చేతులు ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. మా ఆసుపత్రినీ, డాక్టర్లనీ, నన్నూ, అందరినీ కలిపి నోరారా తిట్టింది. పిల్లలు తలుపు చాటునుంచి తొంగి చూశారు. నేను కదలకుండా కూర్చున్నాను.

ఆయాసం వచ్చి ఆగింది.

“నిజం సెప్పడానికి ఇంత దూరం వచ్చినావా?”

“అవును.”

“ఇప్పుడు నా డబ్బాలో సూది మంచిదేనా?”

“నేనే ఉడకబెడతాను. నువ్వు పక్కన నిలబడి చూడు.”

ఆమె ఇంకో చింతపండు తీసుకుంది. “నీళ్ళు తాగి పో. ఎండన పడి వచ్చినావు,” అంది.

కళ్ళు తెల్లబడ్డాక డాక్టర్లు మళ్ళీ మందు మొదలుపెట్టారు. మునెమ్మ వచ్చింది. నీళ్ళు మసిలేంతసేపూ గిన్నె పక్కనే చేతులు కట్టుకుని నిలబడేది. కొత్తగా వచ్చినవాళ్ళకు “ఈడ నిలబడి సూడండి, అడిగితే ఏమీ అనరు,” అని ఆమే చెప్పేది. కోర్సు పూర్తి చేసింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు గానుగ పని చేసింది, పిల్లలిద్దరి పెళ్ళిళ్ళూ చేసింది.

పెద్ద డాక్టరుకు నేను చెప్పిన సంగతి తెలిసింది. పిలిపించారు. మందలిస్తారనుకుని వెళ్ళాను. “సుబ్రమణి పెండ్లానికి నేను పోయి సెప్పి వచ్చినాను,” అన్నారు.

ఆగడం

కామెర్లు ఏ రోజున ఆగాయో నాకు తెలియదు. రోగం వచ్చినరోజు తెలుస్తుంది, రానిరోజు ఎవరికీ తెలియదు. వేరుశెనగ పీకే పనులమీద జనం పలచబడ్డ కాలంలో, రౌండ్లకు వచ్చిన నరసింహులు గారు గుమ్మంలో ఆగి, “పచ్చకండ్లు సూసి ఎన్నాళ్ళయింది లేయమ్మా?” అని అడిగారు. అప్పుడు ఆలోచిస్తే నెల దాటిందని తెలిసింది. ఇంకో నెల చూశాం. రాలేదు. గోవిందయ్య ఘాట్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. కంపౌండరు మరుసటి వారం తన ఇంటినుంచి రెండు ఖాళీ డబ్బాలు తెచ్చి నా బల్లమీద పెట్టి పోయాడు. నేను వాటికీ చిల్లులు పొడిచాను.

ఈ పనిలో గెలుపు ఇలాగే ఉంటుంది. ఎవరూ వచ్చి దండ వెయ్యరు. ఫలానావాడికి కామెర్లు రాలేదు అని ఎవరు చెబుతారు? రాని మనిషికే తెలియదు. మొదట్లో అది వెలితిగా అనిపించేది. తర్వాత అందులోనే నాకు సుఖం దొరికింది. పొద్దున వరండాలో కూర్చుని గోల చేస్తున్న జనాన్ని చూసి, వీళ్ళకు తెలియకుండానే వీళ్ళకు ఏదో జరగకుండా ఆపాం కదా అనుకునేదాన్ని.

ఎనభైలలో ప్లాస్టిక్ సిరంజిలు వచ్చాయి. ఒకసారి వాడి పారేయాలి. మంచిదే. కానీ పల్లెల్లో సూదులు వేసేవాళ్ళు దాన్ని వేన్నీళ్ళలో ముంచి మళ్ళీ మళ్ళీ వాడడం నా కళ్ళతో చూశాను. గాజునైనా ఉడకబెట్టవచ్చు, ప్లాస్టిక్ ఉడకబెడితే వంకరపోతుంది. మంచి వస్తువు వస్తే చాలదు, దాన్ని పారేసే మనసు కూడా రావాలి. ఆ తర్వాత మద్రాసు వైపునుంచి ఇంకో కొత్త జబ్బు మాట వినబడింది, అదీ నెత్తురు గుండా పాకేదే. వార్డులో నర్సు పిల్లలు భయపడి రోగుల మంచాలకు దూరం జరిగారు. జరగాల్సింది మంచానికి దూరం కాదని నెమ్మదిగా చెప్పాల్సి వచ్చింది. మనిషిని ముట్టుకోండి, నెత్తురు దగ్గర జాగ్రత్త పడండి. నాకు తెలిసిన విద్య ఇంతే.

సుగుణ

చివరి ఏళ్ళలో నాకు శిక్షణ పిల్లలను అప్పగించారు. సూది వేయడం నేర్పేటప్పుడు ముందు ఒకరికొకరు విటమిన్ సూది వేసుకోవాలి. నొప్పి ఎంతో తెలియనివాళ్ళు ఎదుటివాళ్ళకు మెల్లగా వెయ్యలేరు. ఒక జట్టులో సుగుణ అనే పిల్ల ఉండేది. పలమనేరు వైపునుంచి వచ్చింది. నోట్లోంచి మాట రావడమే గగనం. ఆమె వంతు వచ్చింది. అప్పటికి ఇంకా గాజు సిరంజిలూ వాడుతున్నాం. నేను సిరంజి తీసి తోటిపిల్ల చేతికి ఇవ్వబోతుంటే, సుగుణ జబ్బమీది గుడ్డ కిందికి దించేసుకుంది.

“సిస్టరమ్మా,” అంది, ఎవరికీ వినబడనంత చిన్నగా.

“ఏందమ్మా? భయమా?”

“భయం లేదమ్మా. ఆ సిరంజి... ఉడకబెట్టినారా? నేను సూడలా.”

తక్కిన పిల్లలు నోరు వెళ్ళబెట్టారు. హెడ్ నర్సును ఎవరూ అలా అడగరు. ఒకమ్మాయి సుగుణ మోచెయ్యి గిల్లడం కూడా చూశాను. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది గాని మాట వెనక్కి తీసుకోలేదు. గుడ్డ గట్టిగా పట్టుకుని నిలబడింది.

నిజానికి ఆ సిరంజి ఉడికిందే. నా చేత్తో నేనే ఉడకబెట్టాను. ఆ మాట చెబితే ఆమె నమ్మి చెయ్యి చాపేది. నేను చెప్పలేదు. సిరంజిని మళ్ళీ గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, స్టవ్వు అంటించాను.

“ఇట్ల రా,” అన్నాను. “పక్కన నిలబడి చూడు.”

ఆమె వచ్చి నిలబడింది. కాసేపటికి మిగిలిన పిల్లలు కూడా ఒక్కొక్కరే వచ్చి గిన్నె చుట్టూ చేరారు. నీళ్ళు మసలడం మొదలైంది.